పది దినాలు ముందుగాల

నా చిన్నప్పుడు లష్కరులో కార్ఖానా బస్తీలోని మా ఇంటికి ప్రతి చలికాలం ఒక టేకాకు పొట్లం వచ్చేది. అందులో ఒట్టి తునకలు, అంటే ఎండబెట్టిన దుప్పి మాంసం ముక్కలు, ఉండేవి. తెచ్చేది మా తాతయ్య బావమరిది. మెదక్ దిక్కున అడవి అంచు పల్లెలో ఉండేవాడు కాబట్టి పిల్లలమంతా ఆయన్ని అడవి తాత అనేవాళ్లం. భుజాన విల్లు, చేతిలో పొట్లం, మనిషి కనబడకముందే వినబడే దగ్గు. "ఏం బావా, ఈ తునకలు నమల్తందుకు పండ్లు ఏమన్న మిగిలినయా?" అంటూ గడప దాటేవాడు. "మీ అక్క చేసిన రొట్టెలు నమిలి నమిలి అన్నీ పాయె" అనేవాడు మా తాతయ్య. ఇద్దరూ నవ్వుకునేవారు. లోపల మా నానమ్మ మాత్రం నవ్వేది కాదు.

విల్లుతో వేటాడేవాళ్లకు అక్కడ ఒక పాత వాడుక ఉండేది. సర్కారు ఏటా వేట తెరిచే రోజుకు పది రోజుల ముందే అడవి దారోగా వాళ్లను లోపలికి పోనిచ్చేవాడు. ఆ తర్వాతే లష్కరు నుంచి, పట్నం నుంచి లైసెన్సు తుపాకుల పెద్దమనుషులు జీపుల్లో దిగేవారు. ఆ పది రోజుల్లో అడవి తాత పల్లెకు రెండో మూడో దుప్పులు దొరికేవి. ఇరవై గడపలవాళ్లు పంచుకుని ఎండబెట్టుకుంటే, ఇళ్లలో జొన్నలు అడుగంటే నెలలు ఎలాగో గడిచేవి. ఆ వాడుక ఎక్కడా రాసిపెట్టి లేదు. దారోగా నోటిమాటే దానికి ఆధారం.

పోలీసు చర్య జరిగిన ఏడు మా బడి మూతపడింది. బేగంపేట దిక్కు నుంచి విమానాలు ఇళ్ల మీదుగా పోతుంటే పెద్దవాళ్లు మాటలు ఆపి పైకి చూసేవారు. నాకప్పుడు పదకొండేళ్లు. నా చదువు పాడవుతుందని బెంగపడ్డది ఇంట్లో తాతయ్య ఒక్కడే. ఆయన మిలిటరీ గుర్రాలకు జీనులు కుట్టేవాడు, అక్షరం రాదు. పద్మారావు నగర్‌లో ఒక క్రైస్తవ టీచరమ్మ తన వరండాలో రెండు బీరువాల పుస్తకాలు పెట్టి గ్రంథాలయం నడుపుతోందని ఎవరో చెబితే, వేలు పట్టుకుని అక్కడికి తీసుకెళ్లాడు. నేను చదువుతున్నంతసేపూ గేటు బయట బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. సమానత్వం, పౌరుడు, హక్కు అనే మాటలు నేను అక్కడే నేర్చుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా వాటినే వల్లించేదాన్ని.

ఆ ఏడు వేట లేదు. తుపాకులన్నీ సర్కారు జమ చేసుకుంది. మరుసటి ఏడు లైసెన్సు ఉన్నవాళ్లవి తిరిగి ఇచ్చారు, వేట మళ్లీ తెరుస్తారన్నారు. వానాకాలం నడుమ అడవి తాత పొట్లం లేకుండానే వచ్చాడు. దారోగా మారాడు, కొత్తాయనకు పాత వాడుక తెలియదు, ఏదున్నా కాగితం మీద ఇమ్మంటున్నాడు. అడవి కచేరీలో పెద్ద అధికారి కోస్తా నుంచి వచ్చినాయన, తెలుగులో రాసినా చదువుతాడట.

"కాగితానికి తిప్పలెందుకు, నా మనుమరాలు ఉన్నది గద. లైబ్రరీ మొత్తం నమిలి మింగింది" అన్నాడు తాతయ్య.

అడవి తాత నా ఎదుట గొంతుకూర్చుని, దగ్గు ఆపుకుంటూ నాలుగు మాటలు చెప్పాడు. తుపాకులకన్నా పది రోజులు ముందు కావాలని, అది ఎందుకో కూడా. పెన్సిలుతో రాసుకున్నాను. మర్నాడు శుద్ధప్రతి రాయడానికి గ్రంథాలయానికి వెళ్లాను.

అక్కడ ఆ పెన్సిలు రాత చూసుకుంటే నాకు సిగ్గనిపించింది. ముందుగా ఇవ్వమని అడగడం దేబిరించినట్టుంది. నేను చదివిన పుస్తకాల్లో గౌరవంగల మనుషులు ఎవరూ అలా అడగలేదు. పది రోజుల మాట తీసేశాను. "నూతన ప్రభుత్వమున పౌరులెల్లరు సమానులు. కావున విల్లు గలవారికిని తుపాకి గలవారికిని ఎట్టి భేదమును లేక ఒకే నియమము వర్తింపజేయ ప్రార్థన" అని రాశాను. టీచరమ్మ చూసి దస్తూరీ బాగుందంది. అడవి తాత చదివి వినిపించమని అడగకుండానే దాని కింద వేలిముద్ర వేసి, కాగితాన్ని కళ్లకు అద్దుకున్నాడు.

నెలన్నరకు మా చిరునామాకు జవాబు వచ్చింది. తాతయ్య జీను పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. నేను నిలబడి చదివాను. మీరు కోరిన ప్రకారమే అందరికీ ఒకే దినమున వేట తెరవబడును, ఎవరికీ ప్రత్యేకత ఉండదు, అని ఉంది.

"పది దినాల ముచ్చట ఏది బిడ్డా?" అన్నాడు తాతయ్య.

నేను గొప్పగా చెప్పాను, ఆ మాట తీసేసి అంతకన్నా మంచిది పెట్టానని. ఆయన నన్ను తిట్టలేదు. మళ్లీ జీను అందుకుని సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పెరట్లో గుప్పెడు జొన్నలు చల్లాడు. నాకొక గంప ఇచ్చి, దాన్ని పుల్ల మీద వాల్చి నిలబెట్టి, పుల్లకు కట్టిన తాడు నా చేతికిచ్చాడు. మా అన్నకు ఉండలు విసిరే గులేరు, మట్టి ఉండలు ఇచ్చి గోడ మీద కూర్చోబెట్టాడు. పావురాలు దిగాయి. "ఇద్దరికీ ఒక్కపారే. షురూ" అన్నాడు. పావురం గంప కిందికి రాకముందే అన్న ఉండ రేకుల కప్పుకు తగిలి ఫెళ్లుమంది. అన్నీ లేచిపోయాయి. మధ్యాహ్నం దాకా తాడు పట్టుకుని కూర్చున్నాను. ఒక్కటీ రాలేదు. అన్న మాత్రం పక్కింటి కప్పు మీద వాలిన వాటిని దూరం నుంచే కొడుతూ తిరిగాడు.

ఆ మర్నాడు అన్నను ఆపి ముందు నాకు కాస్త వ్యవధి ఇచ్చాడు. పావురం తలాడించుకుంటూ వచ్చి గంప కిందికి దూరింది. తర్వాత అన్న వంతు. వాడికి తగ్గిందేమీ లేదు.

"నిన్న నేను అన్యాయం జేసిన్నా?" అని అడిగాడు తాతయ్య.

నాకు ఏడుపు వచ్చింది. ఆయన ఆ పావురాన్ని నా చేతే వదిలిపెట్టించాడు.

అదే రోజు నన్ను వెంటబెట్టుకుని అడవి కచేరీకి వెళ్లాడు. గుమాస్తా మా అర్జీ తీసి చూపించి, మీరు రాసిందే మేం చేశాం, ఉత్తర్వులు ఊళ్లకు పోయాయి, ఇప్పుడు నోటితో చెబితే కుదరదన్నాడు. నేనే మార్చి రాశానని చెప్పడానికి నోరు తెరిచాను. తాతయ్య నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు.

ఆ చలికాలం పొట్లం రాలేదు. మాఘంలో అడవి తాతే వచ్చాడు. విల్లుకు నారి లేదు. దాని కొసకు బట్టల మూట కట్టి భుజాన వేసుకున్నాడు. వేట తెరిచిన రోజు పొద్దున్నే జీపులు దిగాయట, మొదటి తుపాకికే మందలన్నీ రెండు గుట్టలు దాటాయట. పల్లెలో సగం మంది కూలికి చెదిరిపోయారు. తనకు స్టేషన్ గూడ్సు షెడ్డులో మూటలు మోసే పని దొరుకుతుందేమో కనుక్కొమ్మని వచ్చాడు.

"నేనే సక్కగ జెప్పలే బామ్మర్దీ. పెద్దోళ్ల ముంగట నా నోరు తిరుగది" అన్నాడు తాతయ్య.

"నా ముంగట మాత్రం మస్తు తిరుగుతది" అన్నాడు అడవి తాత. ఎప్పటిలాగే నవ్వబోయారు, దగ్గు అడ్డొచ్చింది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

ఆయన మా వరండాలోనే ఉంటూ రెండు చలికాలాలు మూటలు మోశాడు. మూడోదానికి లేడు. "ఈ పిల్ల రాసిన కాగితం సూస్తే దారోగా సుత లేచి నిలబడ్తడు" అని షెడ్డులో వాళ్లందరికీ చెప్పేవాడట. ఆయన బతికుండగా నేను నిజం చెప్పలేకపోయాను.

చాలా ఏళ్ల తర్వాత గ్రంథాలయంలోనే ఒక పత్రికలో చదివాను. కొన్ని దేశాల్లో విల్లుతో వేటాడేవాళ్లకు ముందుగా వేరే రోజులు ఇస్తారట. అది తమకు అన్యాయమని తుపాకులవాళ్లు వాదిస్తారట. వాళ్ల వాదనా శ్రద్ధగా చదివాను, కొట్టిపారేయదగ్గది కాదు. అయినా పత్రిక మూసేసరికి నా చేతిలో ఆ గంప తాడు ఉన్నట్టే అనిపించింది.

నేను ఎందరికో అర్జీలు రాసిపెట్టాను. వాళ్లు ఎలా చెబితే అలాగే రాసి, చదివి వినిపించి, అవునన్నాకే వేలిముద్ర వేయిస్తాను. అడవి తాత చెప్పిన మాటలు మాత్రం ఆ రోజు రబ్బరుతో చెరిపేశాక మళ్లీ ఏ కాగితం మీదా పెట్టలేదు. అవి ఇవి:

"విల్లు పట్టెటోళ్లకు తుపాకులకంటె పది దినాలు ముందుగాల ఇయ్యున్రి. తుపాకి దూరంకెళ్లి కొడ్తది. మాకు దుప్పి దగ్గరికి రావాలె. ఒక్కపారి బెదిరిందంటే ఇగ రాదు."