ఇటుకల పండగ నాటి ఇన్‌స్పెక్షన్

పంతొమ్మిది వందల ఇరవై ఆరు, చైత్రమాసం. అప్పుడు నేను స్కూళ్ల సబ్ అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరుని. అరకు వైపు కొండల్లో ఉన్న బడులకు ఏడాదికోసారి వెళ్లి, పిల్లలకు పరీక్ష పెట్టి, రిపోర్టు రాయడం నా పని. ఏజెన్సీ టూరంటే మా ఆఫీసులో అందరికీ చలిజ్వరం భయం. నాకు మరీ భయం. ఎంత త్వరగా కొండ దిగుదామా అని ఎక్కకముందే ఆలోచించే రకాన్ని. అందుకే బడికి ఒక పూట చొప్పున టూర్ ప్రోగ్రాం వేసుకున్నాను. ఏ తేదీన ఏ బడికి వస్తామో ముందుగా పంపే కాగితం అది. క్యాలెండరు చూసి వేశాను తప్ప ఆ ప్రాంతం వాళ్లెవరినీ అడగలేదు.

నేను చెప్పబోయే బడికి ఒక ప్రత్యేకత ఉంది. ఆ చుట్టుపక్కల థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి, ఉన్నది అక్కడొక్కచోటే. అది గట్టెక్కితేనే కింద మైదానంలోని హైస్కూల్లో చేర్చుకుంటారు. ఆ క్లాసు తాత్కాలికంగా ఇచ్చారు. ఇన్‌స్పెక్షన్ నాడు కనీసం సగం మంది హాజరై, పరీక్ష సరిగ్గా రాస్తే ఉంటుంది. లేకపోతే ఎత్తేస్తారు. అందులో చదివేది ఏడుగురు కుర్రాళ్లు.

నేను వెళ్లేసరికి బడి శుభ్రంగా ఊడ్చి ఉంది. నల్లబల్ల మీద తేదీ రాసి ఉంది. పిల్లలు లేరు. హెడ్మాస్టరు సాలూరు వైపు మనిషి, యాభై దాటినవాడు, గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఏటకెళ్లిపోనారు బాబూ," అన్నాడు. "ఇటుకల పండగ గదా. మగోళ్లంతా అడవిలోనే ఉన్నారు. తేదీ మార్చమని తమరికి ఉత్తరం రాసినాను."

ఆ ఉత్తరం ఆఫీసుకు చేరేసరికి నేను టూర్లో ఉన్నాను. ఇటుకల పండగంటే ఆ కొండల్లో చైత్రంలో చేసే వేట పండగని కూడా నాకప్పుడే తెలిసింది.

"ఎప్పుడొస్తారు?"

"ఏటన్నా దొరికితే వత్తారు. ఒట్టి సేతుల్తో వత్తే ఆడోళ్లు పేడనీళ్లు కొడతారు. ఏడాదంతా ఎగతాళే. ఒక్క రెండు రోజులాగండి బాబూ, నాను కబురెట్టినాను."

రెండు రోజులు ఆగితే నా ప్రోగ్రామంతా తారుమారు. కుర్చీలో కూర్చున్నాను, లేచాను, గడియారం చూశాను, వరండాలో పచార్లు చేశాను. ఇంతలో టపా రన్నరు గజ్జెల చప్పుడు వినిపించింది. ఉత్తరాల సంచి భుజాన వేసుకుని కొండ దిగే మనిషి. వాడు మళ్లీ వచ్చేది వారానికి. గబగబా ఫారం నింపాను. హాజరు శూన్యం, క్లాసు కొనసాగించనక్కర్లేదు. కవరు అంటించి రన్నరు చేతిలో పెట్టాక గాని నా మనసు కుదుటపడలేదు. హెడ్మాస్టరు అంతా చూశాడు. నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

సామాను సర్దించి బయల్దేరితే ఊరి చివర దారికి అడ్డంగా వెదురు గడ కట్టి ఆడవాళ్లు నిలబడ్డారు. ఆ పండగ రోజుల్లో ఎవరైనా ఎంతో కొంత ఇచ్చుకోనిదే దారి వదలరు. జేబులో చెయ్యి పెట్టాను. వాళ్లలో ఒకామె అడ్డంగా తల ఊపింది. థర్డ్ ఫారం చదివే సుక్ర అనే కుర్రాడి తల్లినని చెప్పింది.

"నీ డబ్బులొద్దు బాబూ. మా గుంటడు వత్తన్నాడు. పరీచ్చ ఎట్టి ఎల్లు."

"నాకు అవతల పని ఉందమ్మా."

"మాకూ ఉంది," అంది. గడ మాత్రం ఎత్తలేదు.

కోపంతో ఊగిపోతూ వెనక్కి వచ్చాను. రిపోర్టు పంపేశాక ఇక్కడ నాకేం పని అని ఆ రోజంతా లోలోపల గింజుకున్నాను.

మర్నాడు పొద్దెక్కాక ఏడుగురూ అడవిలోంచి దిగారు. భుజాన విల్లంబులున్నాయి, వేట లేదు. మిగతా మగవాళ్లను అక్కడే వదిలి వచ్చేశారు. ఆడవాళ్లు కుండలతో సిద్ధంగా ఉన్నారు. మొదటి కుండ ఎత్తి సుక్ర నెత్తిన గుమ్మరించింది వాళ్లమ్మే. నాకు మతి పోయింది.

"నువ్వే కదమ్మా పరీక్షకు రమ్మన్నావు?"

"రమ్మన్నాను. అలాగని ఒట్టి సేతుల్తో వత్తే ఊరుకుంతామేటి? పండగ పండగే. నువ్వు బేగి పరీచ్చ ఎట్టు బాబూ."

వాగుకు వెళ్లి కడుక్కుని రమ్మన్నాను. సుక్ర కదల్లేదు. పేడనీళ్లు గడ్డం మీంచి కారుతున్నాయి.

"ముందు పరీచ్చ ఎట్టండి. కడుక్కుని వచ్చీసరికి మీరెల్లిపోతే?"

నేనెలాంటి మనిషినో వాడికి ఎవరు చెప్పారో తెలియదు. లెక్కలిచ్చాను, డిక్టేషన్ చెప్పాను. నేల మీద కూర్చుని రాశారు. కాగితాల మీద పేడ వేలిముద్రలు పడ్డాయి. ఏడుగురిలో ఆరుగురు గట్టెక్కారు. సుక్ర లెక్కల్లో ఒక్క తప్పు లేదు. కింద హైస్కూళ్ల పక్కనున్న బడుల్లోనూ నేనలాంటి పేపరు చూడలేదు.

అక్కడే రెండో రిపోర్టు రాసి, మా బంట్రోతుకిచ్చి రన్నరు వెనక పరుగెత్తించాను. అందుకోలేకపోయాడు. వారం తిరిగాక నేనే ఆఫీసుకు వెళ్లి పైఅధికారి ముందు నిలబడ్డాను. ఒక ఇన్‌స్పెక్షన్‌కి ఒకే రిపోర్టు, ముందు వచ్చిందే చెల్లుతుంది అన్నాడాయన. తేదీ మీరే వేశారు కదా అని కూడా అన్నాడు. వేసవి సెలవుల్లోనే క్లాసు ఎత్తేశారు.

ఆ తర్వాత నా ఉద్యోగం పూర్తయ్యేదాకా కొండ బడులకు తేదీ వేసే ముందు ఆ ఊరి పండగలు, వేటలు, సంతలు అడిగి తెలుసుకున్నాను. మొట్టమొదట అడిగింది ఆ హెడ్మాస్టరునే. మరుసటి ఏడు మాఘంలో, మీకు ఏ రోజు వీలో రాయండి, ఆ రోజే వస్తాను అని కార్డు వేశాను.

జవాబు వెంటనే వచ్చింది. ఎప్పటి గుండ్రటి దస్తూరీయే. "తమరు ఏ రోజు దయచేసినా ఒకటే బాబూ. పండగ వల్ల ఆటంకపడే క్లాసు ఇప్పుడు మాకు లేదు."