మడికి ఊపిరాడాలన్న పెద్దమ్మ

గురువారం పొద్దున కుప్పంలో నేను మా ల్యాబు తలుపు తీస్తుండగా ఫోను మోగింది. సదుం దగ్గరి పల్లె నుంచి పెద్దమ్మ కూతురు. "అక్కా, అమ్మ ఎల్లిపాయ. కాఫీ తాగి గోడకి ఆనుకోని కూసునింది. అట్నే ఉండిపాయ" అంది. "నీకి చెప్పమని ఎవురూ అన్లేదు. నాకే చెప్పాలనిపించింది" అంది. తలుపు మళ్ళీ వేసేసి బస్టాండుకు నడిచాను.

ఆమె నాకు చుట్టం కాదు. బోరు కింద కొంచెం వరి, మెట్టలో రాగి పండించుకునే రైతు. భర్త పోయినాక సేద్యమంతా తానే చూసుకునేది. కొన్నేళ్ళ కిందట పరిశోధన విద్యార్థిగా ఆ ఊరికి వెళ్ళినప్పుడు, ఊరంతా పెద్దమ్మా అని పిలుస్తుంటే నేనూ అట్లాగే పిలిచాను.

నా పని ఏమిటో చెప్పాలి. వరి మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలబడి ఉంటే అడుగు మట్టికి గాలి తగలదు. ఆ బురదలో మీథేన్ అనే వాయువు పుట్టి పైకొచ్చి భూమి వేడిని పెంచుతుంది. నడుమ నడుమ మడిని ఆరనిచ్చి మళ్ళీ నీళ్ళు పెడితే ఆ వాయువు తగ్గుతుంది, బోరు నీళ్ళూ మిగులుతాయి. వానలు నమ్మించి మోసం చేస్తున్న మా సీమలో, దిగుబడి పోకుండా ఇది కుదురుతుందా అని నేను తేల్చాలి. దానికి పక్కపక్కన రెండు మడులు కావాలి. ఒకదానిలో ఎప్పటిలాగే నీళ్ళు, రెండోదానిలో ఆరుతడి.

మూడు ఊళ్ళు తిరిగాను. "వరిని ఎండబెట్టే సదువు యాడ సదివినావమ్మా?" అని నవ్వి పంపించారు. పెద్దమ్మ నవ్వలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"పంట పోతే నీ ముకం నాకు సూపిస్తావా, కనపడకుండా పోతావా?"

"వస్తాను పెద్దమ్మా."

"అయితే ఆ రెండు మడులూ నీవే" అంది.

వారానికి రెండుసార్లు, అప్పట్లో నేనుంటున్న పుంగనూరు నుంచి బస్సులో వెళ్ళేదాన్ని. పైరు మీద పారదర్శకమైన పెట్టె బోర్లించి, కాసేపటికొకసారి సిరంజితో లోపలి గాలి లాగి, చిన్న గాజు సీసాల్లో నింపాలి. పెద్దమ్మ గట్టు మీద గొడుగు పట్టుకుని కూర్చునేది. ఆ గొడుగు తనకూ కాదు, నాకూ కాదు, నా సీసాలకు. "ఎండ తగిల్తే నీ గాలి సెడిపోదా?" అనేది. దారిన పోయేవాళ్ళు ఏం చేస్తున్నారని అడిగితే, "మడి ఊపిరి పడతాండాది ఈ పాప. మనకి మాదిరే దానికీ ఊపిరాడాలంట" అని తానే చెప్పేది. నేను పేజీలకు పేజీలు రాసింది ఆమె ఆ ఒక్క మాటలో తేల్చేసేది. పని కాగానే స్టీలు డబ్బా తీసి సంగటి ముద్ద, చెనిక్కాయల చట్నీ పెట్టేది. తినకుండా బస్సెక్కనిచ్చేది కాదు.

ఆ ఏడు కోత బాగా వచ్చింది. ఆరబెట్టిన మడిలోనూ పక్క మడికి సమానంగా గింజ రాలింది. వాయువు లెక్కలు మాత్రం అనుకున్నంత తగ్గలేదు. నీళ్ళ మడిలో పెట్టె ఎక్కడో కారి తేడా తక్కువగా కనిపించి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. దిగుబడి తగ్గలేదు కదా, నాకదే చాలనిపించింది. వడ్లు ఆరబోసిన కళ్ళంలో పెద్దమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఒక మాట చెప్పాల పాపా. ఆరబెట్టమన్న మడికి రెండు తూర్లు నీళ్ళు పెట్టినా."

ఎందుకని అడిగాను.

"నెర్రెలిడిసినాది. పసిబిడ్డ నోరు తెరిసినట్టు ఉండాది. తట్టుకోలేక మోటరేసినా."

ఒక పంటకాలం పని మట్టిలో కలిసిపోయింది. ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. "ఇంకెవరికైనా చెప్పినావా?" అని అడిగాను. లేదంది. "అయితే నాకూ చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆమె కోప్పడలేదు. వడ్లలో చెయ్యి పెట్టి పరుస్తూ అంది: "నువ్వు రాసింది నమ్మి ఊరంతా మడులు ఆరబెట్టి, వాళ్ళ పంట పోతే? వాళ్ళ ముకాలు సూస్తావా నువ్వు?"

మర్నాడు మా గైడుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన, "ఆమె ఇంకో పంటకు ఒప్పుకుంటుందేమో అడుగు" అన్నారు.

పెద్దమ్మ ఒప్పుకుంది. ఈసారి మడి ఆరే రోజులు రాగానే మోటరు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి, కలకడలో చెల్లెలింటికి పోయింది. "కన్ను ఈడుంటే చెయ్యి ఊరికే ఉండదు పాపా" అంది. పక్క మడికి నేనే నీళ్ళు పెట్టుకున్నాను. రోజూ సాయంత్రం ఫోను చేసేది. మడి సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. "వాన ఏమన్నా పడిందా?" అనేది. లేదంటే, "సరే, బువ్వ తిను" అని పెట్టేసేది.

ఈసారి వాయువు బాగా తగ్గింది. గింజ దాదాపు సమానంగా వచ్చింది. ఒక మూల మాత్రం, ఇసుక పాలు ఎక్కువున్న చోట, తాలు పోయింది. చిన్న మూలే, పెద్ద తేడా ఏమీ రాదు అన్నాను. "ఆ మూల గూడా రాయి. ఇసక మడులోళ్ళు శానామంది ఉండారు" అంది. రాశాను. నా పరిశోధనలో రైతులకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన పేజీ అదే.

తర్వాత పుంగనూరులో రైతుల సమావేశం పెట్టారు. తెర మీద నా పటాలు చూసి ఎవరూ నోరు విప్పలేదు. పెద్దమ్మను మాట్లాడమన్నారు. లేచి కొంగు సర్దుకుని, "మొదటి తూరి నేను దొంగగా నీళ్ళు పెట్టినా" అని మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. నవ్వినాక విన్నారు. నెర్రెలు ఎంత లోతయ్యేదాకా ఆగచ్చు, పైరు పొట్టకొచ్చినప్పుడు ఎందుకు ఆరబెట్టకూడదు, ఇసుక నేలకు ఏది పనికిరాదు, అన్నీ చెప్పింది. సమావేశం అయిపోయినాక కూడా జనం ఆమె చుట్టూనే నిలబడ్డారు. నేను తెర చుట్టుకుంటూ దూరం నుంచి చూశాను. అంత సంతోషం డిగ్రీ అందుకున్న రోజు కూడా కలగలేదు.

నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్తే తలమీద చెయ్యి పెట్టి, "కుర్చీ వచ్చిందని బురదలో దిగేది మానుకోవద్దు" అంది. అంతకుమించి దీవెన ఏదీ ఇవ్వలేదు.

గురువారం నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే పాడె లేచింది. మడుల నడుమ సన్నటి గట్టు మీద ఒకరి వెనుక ఒకరం నడిచాం. పక్క మడిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు పనాపి నడుములెత్తి నిలబడ్డారు. పాడె వాళ్ళను దాటింది. నడుస్తూ నేను వెనక్కి తిరిగి చూశాను. ఒక్కరూ మళ్ళీ వంగలేదు. మోకాళ్ళ దాకా బురదలో అట్లాగే నిలబడి ఉన్నారు, చేతుల్లోని నారు కట్టల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతూ.