ఇసుక బస్తా బావగారు

పిసినారితనం తప్పని ఎవరన్నారో గానీ, ఆ పెద్దమనిషి కారు ఇంజిను వైపు ఎన్నడూ తొంగిచూసి ఉండడు. పోసిన డీజిల్లో సగానికి పైగా ఉత్త వేడి కింద పోతుంది. మిగిలినదాంట్లో గాలిని తోసుకుంటూ పోవడానికి కొంత, బ్రేకుల కింద కొంత. లోపల కూర్చున్న మనిషి కోసం ఖర్చయ్యేది చారెడు. ఇంత దుబారా యంత్రాన్ని దారిలో పెట్టాలంటే గట్టి పిసినారి దొరకాలి. ఆ కార్ల కంపెనీ వెనక షెడ్డుకి దొరికింది. ఆవిణ్ణి ఎదురుగా అక్క అంటారు, చాటున పిసినారి అంటారు. రెండూ ఆవిడకి తెలుసు, రెండోదే ఎక్కువ ఇష్టం.

అక్క ఇంజనీరింగు చదివింది నిజమే గానీ, అసలు చదువు వాళ్ళ నాన్న వ్యానులో అయింది. ఆయన ఒక బేకరీకి రొట్టెల వ్యాను నడిపేవాడు. వేడి రొట్టెల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల పక్కన కూర్చునేది. ఎదర ఎర్ర దీపం కనిపిస్తే చాలు, ఆయన అల్లంత దూరం నుంచే కాలు తీసేసి వ్యానుని దాని మానాన దొర్లనిచ్చేవాడు. "బ్రేకు తొక్కామంటే ఇందాకా బండికి తాగించిందంతా బూడిదలో పోసినట్టేనమ్మా" అనేవాడు. వెనక ఎన్ని హారన్లు మోగినా చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు ఆయనకి. పెద్దయ్యాక అక్క ఆ బేకరీ వాళ్ళబ్బాయినే చేసుకుంది. ఆ అబ్బాయి కూడా వాళ్ళ రొట్టెల్లాగే బాగా పొంగిన మనిషి.

ఇంట్లో అక్క చేతికి ఎముక లేదు. రొట్టె మీద వెన్న రాస్తే రొట్టె కనిపించదు. అదే చెయ్యి షెడ్డులో అడుగుపెట్టగానే బిగుసుకుపోయేది. కారులో రేడియో పీకించింది. తలుపుల లోపలి బట్ట తీయించింది. బోల్టు కొన నట్టు దాటి గోరంత బయటికొస్తే కోయించింది. ఇంజిను పని చూసే అతన్ని అక్క తమ్ముడూ అంటుంది. ఆ తమ్ముడు, ముగ్గురు పిల్లల తండ్రి, ఓ రోజు తలపట్టుకుని, "అక్కా, ఇంక తీయడానికి నా చొక్కా గుండీలే మిగిలాయి" అన్నాడు.

"కారెక్కేటప్పుడు అవీ తీసేసి రా" అంది అక్క.

ఇంత తాపత్రయమూ ఒక్క అంకె కోసం. ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని, లీటరు డీజిల్‌తో వంద కిలోమీటర్లు. కారుని సన్నగా, ముందొకరు వెనకొకరు కూర్చునేలా కట్టారు. గాలి దూరే సందు ఎక్కడున్నా అక్క మూసేసింది. కంపెనీ పెద్దాయన ఒకసారి వచ్చి చుట్టూ తిరిగి చూసి, మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఈసారి పరీక్షలో వంద దాటితే ఈ కారు ఫ్యాక్టరీకి వెళ్తుందమ్మా. దాటలేదో, ఈ షెడ్డు గోడౌను అయిపోతుంది."

"గోడౌనుకి వేరే చోటు చూసి ఉంచండి సార్" అంది అక్క. ధీమా అంటే అదీ.

రెండో మనిషి బరువు కోసం వెనక సీటులో ఇసుక బస్తా పెట్టేవారు. ఎంత బరువు పెట్టాలన్న ప్రశ్న వచ్చిన రోజున అక్క, "మా ఆయనంత పెట్టండి. ఆయన్ని మోసిందంటే ఎవరినైనా మోస్తుంది" అంది. అంతే, తమ్ముడు బస్తా మీద రంగుతో 'బావగారు' అని రాసేశాడు. ఆనాటి నుంచి షెడ్డులో అదే భాష. "బావగారికి బెల్టు పెట్టారా?" "బావగారు కారుతున్నారు, కుట్టు వేయండి!" సాయంత్రం దాన్ని దింపి, గోడకి జాగ్రత్తగా చేరగిలబెట్టేవారు.

ఆ కారెక్కనిది అసలు బావగారొక్కరే. ఆయన అడిగినప్పుడల్లా అక్క, "మీరెక్కితే మైలేజీ పడిపోతుందండీ" అనేది. ఆయన పొట్ట కదిలేలా నవ్వేవాడు. ఏళ్ళ తరబడి అదే ప్రశ్న, అదే జవాబు, అదే నవ్వు.

పరీక్ష ఇంకా నెల ఉందనగా, ఒక ముసురు రోజు మధ్యాహ్నం ఆయన రొట్టెల సంచీ పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. అందరికీ పంచాడు. గోడకి ఆనించిన బస్తా ముందు నిలబడి దాన్ని కాసేపు చూశాడు. "ఇన్నేళ్ళూ నా పేరు చెప్పుకుని వీడు ఊరేగాడు. నన్నొక్కసారి ఎక్కించవూ?" అన్నాడు.

అక్క అలవాటు కొద్దీ పాత జవాబే చెప్పింది. ఈసారి ఆయన నవ్వలేదు. సంచీ మడత పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అక్క కారు తలుపు తెరిచింది. "రండి, ఒక్క చుట్టే" అంది.

కంపెనీ ఆవరణ చుట్టూ ఉన్న రోడ్డు మీద బయల్దేరారు. సన్నగా వాన పడుతోంది. వెనక నుంచి ఆయన మోకాళ్ళు ఆవిడ సీటుకి తగులుతున్నాయి. ఆయన ఆగకుండా మాట్లాడుతున్నాడు, సంతోషం పట్టలేక. సగం చుట్టు కాకుండానే ముందు అద్దానికి తెల్లగా ఆవిరి పట్టింది. అక్క అరచేత్తో తుడిచింది. తుడిచినంత మేరా మళ్ళీ కమ్ముకుంది. కళ్ళ ముందు తెల్ల గోడ తప్ప ఇంకేమీ కనిపించలేదు. బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. కారు ఆగింది. తలుపు తీసి చూస్తే ప్రహరీ గోడ జానెడు దూరంలో ఉంది.

"ఏమైందే?" అన్నాడాయన బెదిరిపోయి.

"మీరు ఊపిరి పీల్చారు" అంది అక్క.

ఇసుక బస్తా ఊపిరి పీల్చదు. ఎంత చిన్న సంగతి! షెడ్డు నిండా చదువుకున్నవాళ్ళే, ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళు చేసిన పరుగులన్నీ ఎండ రోజుల్లో, కారులో ఒక్క మనిషితో. గాలి దూరే సందులన్నీ తన చేత్తోనే మూసింది అక్క. బస్తాకి హాయిగా ఉండే కారు కట్టాను, మనిషికి కాదు అనుకుంది. ఆ ఒక్క పూట అన్నం సయించలేదు. మర్నాటికి మళ్ళీ మామూలు మనిషైపోయింది, ఎందుకంటే తప్పు ఎక్కడుందో తెలిశాక ఏడవడం కూడా దుబారాయే.

"ఫ్యాను పెడదాం అక్కా" అన్నాడు తమ్ముడు.

"దానికి కరెంటు ఎవరిస్తారు? నీ ఇంజినే. ఇంజినుకి ఎవరు పోస్తారు? మనమే. గాలి ఎటూ మనల్ని తోస్తూనే ఉంది కదా, దాంతోనే పని చేయిద్దాం."

కారు ముక్కున, గాలి గట్టిగా గుద్దుకునే చోట చిన్న రంధ్రం పెట్టించింది. గాలి అద్దం మీదుగా లోపలికి వస్తుంది, సరే. బయటికెలా పోవాలి? తలుపు వెనక సందు తెరిచారు. అద్దం తేటగా ఉంది గానీ మైలేజీ వంద లోపలికి దిగిపోయింది. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టయింది. అప్పుడు అక్క కారు ఒళ్ళంతా ఉన్ని దారం ముక్కలు అంటించి, తమ్ముడి చేత నడిపించింది. తాను పక్కన వ్యానులో వెళ్తూ చూసింది. తలుపు వెనక దారాలు పిచ్చెత్తినట్టు ఎగురుతున్నాయి. కారు తోక దగ్గరివి మాత్రం నెమ్మదిగా వెనక్కి తిరిగి కారునే అంటుకుంటున్నాయి. అక్కడ గాలి పలచబడి, దేన్నైనా లాక్కోవడానికి సిద్ధంగా ఉంది. "లోపలి గాలిని దాని నోట్లో పెట్టండి" అంది. తలుపు సందు మూసి తోకకి బెజ్జాలు పెట్టారు. బావగారి బస్తాతో నడిపితే వందా ఒకటి వచ్చింది.

పరీక్ష రోజున తెల్లారింది మొదలు వానే. పరీక్షించే ఆవిడ గొడుగు కింద నిలబడి డీజిల్ ట్యాంకు తూకం వేయించింది. తిరిగొచ్చాక మళ్ళీ తూస్తారు, తగ్గిందెంతో అదే లెక్క. "వెనక సీటులో మనిషైనా సరే, మీరు చెప్పిన బరువైనా సరే" అంది.

పెద్దాయన అక్కని పక్కకి పిలిచాడు. "బస్తా పెట్టు, ఆ బెజ్జాలకి టేపు వేయించు. ఒక్కదానివే ఉంటావు కాబట్టి అద్దం నువ్వు తుడుచుకోవచ్చు. మీ ఆయన బస్తా కట్టిన నాటి కంటే ఇప్పుడు ఇంకాస్త... ఎందుకమ్మా రిస్కు? షెడ్డు పోతుంది."

మాట నిజమే. బస్తా కట్టి ఏళ్ళయింది. బస్తా పెరగలేదు, ఆయన పెరిగాడు.

"ఈ కారు కొనుక్కున్నవాళ్ళు ఇసుకని షికారు తీసుకెళ్ళరు సార్" అంది అక్క. "ఏవండీ, ఎక్కండి."

ఆయన అప్పటికే గడియారం, ఉంగరం, బెల్టు, బూట్లు విప్పేసి తమ్ముడి చేతిలో పెట్టి ఉన్నాడు. పొద్దున టిఫిను కూడా మానేశాడట.

"బూట్లు వేసుకోండి" అంది అక్క గద్దించినట్టు. "అన్నీ వేసుకోండి. మనిషిలాగా ఎక్కండి."

బయల్దేరారు. వాన అద్దాన్ని బాదుతోంది. ఆవిడ నాన్న నేర్పినట్టే దూరం నుంచే కాలు తీస్తూ, కారుని దాని మానాన దొర్లనిస్తూ నడుపుతోంది. అద్దం కడిగిన పళ్ళెంలా ఉంది. కొంతసేపటికి వెనక నుంచి చప్పుడే లేదని గమనించింది. ఇంత మాటకారి, ఒక్క ముక్క మాట్లాడడేం? చిన్న అద్దంలో చూస్తే ఆయన బుగ్గలు పూరించి, మొహం ఎర్రబడి, కళ్ళు తేలేయబోతున్నాడు.

"ఏవండీ! ఏం చేస్తున్నారు?"

ఆయన బుస్సున వదిలాడు. "ఊపిరి బిగబట్టాను. మొన్న దానివల్లే కదా..."

అక్కకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "మీరు ఊపిరి పీల్చుకోవాలనే ఆ బెజ్జాలు పెట్టించాను. పీల్చండి. మాట్లాడండి. నాకు వినాలనుంది" అంది.

ఇక చూడండి. బేకరీ కబుర్లు, పొయ్యి మొండికేసిన కథ, మామగారి వ్యాను వెనక తాను పరిగెత్తిన కథ, అన్నీ వచ్చాయి. ఆగలేదు ఆ మనిషి. అద్దం ఎక్కడా మసకబారలేదు.

తిరిగొచ్చాక ట్యాంకు తూచారు. పరీక్షించే ఆవిడ రెండోసారి తూయించింది. పెద్దాయన గొడుగు పక్కకి వాలి ఆయన భుజం తడుస్తున్నా చూసుకోలేదు.

"వంద పాయింట్ నాలుగు" అందావిడ.

తమ్ముడు కేకపెట్టి బెల్టూ గడియారం లేకుండా దిగిన బావగారిని వాటేసుకున్నాడు. ఆయన బూట్లు మాత్రమే వేసుకున్నాడు, మిగతావి భయపడి వదిలేశాడు. అక్క చూసి తల కొట్టుకుంది.

అక్క తప్ప అందరూ షెడ్డులోకి పరిగెత్తాక ఆయన కారు పక్కన నిలబడి, దాని తోక మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అడిగాడు. "నిజం చెప్పు. నేను ఎక్కకుండా ఉంటే ఇంకా ఎంత వచ్చేది?"

అక్క నాలుక చివర అంకె సిద్ధంగానే ఉంది. ఆ లెక్క ఆవిడకి నిద్రలో అడిగినా వచ్చు.

"తెలీదు" అంది. "ఇకమీదట ఆ లెక్క నేను కట్టను. రండి, తడిసిపోతున్నారు."