గ్రిల్లు చల్లారేదాకా

ఆ రోజుల్లో నన్నెవరైనా ‘సూపర్‌వైజర్’ అని పిలిస్తే చాలు, ఆ పూట అన్నం లేకపోయినా గడిచిపోయేది. చందాపురలో, ఇళ్లు మారేవాళ్ల సామాన్లు చేరవేసే ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. కూలీలు లారీకి ఎక్కిస్తుంటే, దించుతుంటే, చేతులు వెనక్కి కట్టుకుని “జాగ్రత్త, జాగ్రత్త” అనడం నా ఉద్యోగం. (నేనా మాట అనకపోతే బెంగళూరులో ఒక్క అద్దాల బీరువా మిగిలేది కాదని నా గట్టి నమ్మకం.) పెద్దవాళ్లెవరూ వెంట లేకుండా నన్ను పంపిన మొదటి ఇల్లు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సార్‌ది. ఆయన యలహంకకు మారుతున్నాడు. “అన్నీ భద్రంగా చేరితే నీ పని ఖాయం. ఏదైనా పోయిందా, నువ్వూ ఊరికి పో” అని ఓనరు పొద్దున్నే చెప్పి పంపాడు.

సామానంతా ఎక్కాక సార్ ఒక వస్తువును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తీసుకొచ్చాడు. పొట్టి కాళ్లు, గుండ్రటి మూత, పక్కన చిన్న గ్యాస్ బండ. మాంసం కాల్చుకునే గ్రిల్లు. ఆ సాయంత్రమే కొత్తింట్లో ఆఫీసు స్నేహితులకు విందట. మసాలా పట్టించిన కోడిముక్కలు ఐసుపెట్టెలో పెట్టి కారులో సిద్ధంగా ఉంచాడు. హిందూపురం వైపు నుంచి వచ్చిన మా డ్రైవరన్న మాత్రం బండను చూసి బీడీ పారేశాడు.

“పరుపులు, బట్టలు అన్నీ ఉండాయి లోపల. దీన్ని ఎక్కిస్తే నేను బండి తీసేది లేదప్పా.”

“సేఫే బాస్, వాల్వ్ టైట్‌గా క్లోజ్ చేశాను” అన్నాడు సార్.

“సేఫయితే మీ కార్లో పెట్టుకోండి సార్.”

“కార్లోనా? నాకు భయమండీ.”

“మాకు లేదా సార్ భయం?”

ఇద్దరూ నా వైపు చూశారు. సూపర్‌వైజర్‌గా అది నా మొదటి తీర్పు. బండ విప్పి సార్ కారులో, గ్రిల్లు లారీ క్యాబిన్‌లో నా ఒళ్లో. సార్ కారు అద్దాలన్నీ దించుకుని, నత్తలా మా వెనకే బయలుదేరాడు.

టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర వాన పట్టుకుంది. దాంతో బండ్లన్నీ నిలిచిపోయాయి. గ్యాసుకు భయపడి అద్దాలు ఎత్తని సార్, కారులో కూర్చునే నిలువునా తడిశాడు. చాలాసేపటికి ఫోను చెవికి ఆనించుకుని మా దగ్గరికి నడిచొచ్చాడు. విందుకు రావాల్సినవాళ్లూ మా వెనకే ఇరుక్కున్నారట. “ఐస్ మొత్తం కరిగిపోయింది బాస్. చికెన్ పాడైపోతుంది. ఇక్కడే కాల్చేద్దామా?” అన్నాడు. లారీకి దూరంగా, మూసి ఉన్న ఒక టైర్ల దుకాణం రేకుల కింద గ్రిల్లు పెట్టి బండ తగిలించాం. నీళ్లలో ప్యాంట్లు మడుచుకుంటూ స్నేహితులు వచ్చారు. సార్ ముఖం వెలిగిపోయింది. డ్రైవరన్న ఒక ముక్క నమిలి, “పైన మాడిండాది, లోపల పచ్చిగా ఉండాది” అని తీర్పు చెప్పి ఇంకోటి తీసుకున్నాడు.

అప్పుడే ముందున్న బండ్లు కదిలాయి. వెనక హారన్లు మొదలయ్యాయి. సార్ గ్యాసు కట్టేసి, బండ విప్పుకుని కారు వైపు పరిగెత్తాడు. స్నేహితులు తలో దిక్కూ వెళ్లారు. మిగిలింది, ముట్టుకుంటే బొబ్బలెక్కేంత వేడిగా ఉన్న గ్రిల్లు. దాన్ని క్యాబిన్‌లో పెట్టుకోలేం, వదిలేసి పోలేం. “మీరు పోండన్నా, చల్లారినాక తెస్తా” అన్నాను గంభీరంగా. లారీ వెళ్లిపోయింది.

వానలో, రేకు కింద, గ్రిల్లు పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. దారినపోయేవాళ్లు ఒక్కొక్కరే ఆగి “జోళ ఇదెయా?” అని మొక్కజొన్న పొత్తులు అడగడం మొదలుపెట్టారు. లేవని చెప్తే ఒక పెద్దావిడ నమ్మలేదు, మూత ఎత్తి చూసి, “వ్యాపారం చేసేవాడివి సరుకు తెచ్చుకోవద్దా?” అని కన్నడంలో మందలించి వెళ్లింది. నేను సూపర్‌వైజర్‌నని ఆవిడకు చెప్పాలనిపించింది కానీ, కన్నడంలో ఆ ముక్క గంభీరంగా ఎలా చెప్పాలో తోచలేదు.

గ్రిల్లు చల్లారాక సిటీ బస్సెక్కి, బస్సు మారి, దాన్ని ఒళ్లో పెట్టుకుని యలహంక చేరాను. దారి పొడవునా ఒకటే దిగులు. నేను లేకుండా బీరువా ఎలా దించారో, టీవీ ఏమైందో, నా ఉద్యోగం ఉందో ఊడిందో. తీరా వెళ్లి చూస్తే మంచాలు బిగించి ఉన్నాయి, ఫ్రిజ్ నడుస్తోంది, కూలీలు టీ తాగుతున్నారు. ఎక్కడా ఒక గీత కూడా పడలేదు. సార్ గ్రిల్లును గుండెకు హత్తుకుని, మా ఓనరుకు ఫోన్ చేసి నన్ను తెగ పొగిడాడు. నా పని ఖాయమైంది.

“ఇంత తొందరగా ఎట్లా అయిందన్నా?” అని డ్రైవరన్నను అడిగాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, ఏ కల్మషమూ లేకుండా అన్నాడు: “నువ్వు లేవు కదప్పా, బిరీన అయిపాయ.”

ఆ మాటకు చాలా రోజులు ముఖం ముడుచుకుని తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం, అంత చిన్న మాటకు అంతగా నొచ్చుకున్న ఆ కుర్రాడిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒక టీ ఇప్పించాలనిపిస్తుంది.