బోర్డు బయట బెంచీ

మా అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి తెలిసి కూడా ఆ రోజు ఆవిణ్ణి బెంచీ మీద ఒక్కదాన్నీ వదిలి మంచినీళ్ళకి వెళ్ళాను.

రాయ్‌పుర్‌లో భన్‌పురి వైపు మాది రైల్వే క్వార్టరు. మావారు గూడ్సు బండి గార్డు. ఆ పూట డ్యూటీలో ఎక్కడో దారిలో ఉన్నారు. మా అబ్బాయికి అప్పుడు పదహారు నిండాయి. ముందు రోజు సాయంత్రం లారీ షెడ్ల దగ్గర, దొంగిలించిన మోటారు సైకిలు మీద మరో ఇద్దరితో వెళుతూ పట్టుబడ్డాడు. ఆ ఇద్దరూ మీసాలొచ్చిన మగాళ్ళు. వాళ్ళని మామూలు కోర్టుకీ, అక్కణ్ణుంచి జైలుకీ పంపుతారట. మావాడికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి దారి వేరన్నారు. లాకప్పులో పెట్టరు, బేడీలు వెయ్యరు. అబ్జర్వేషన్ హోం అనే పిల్లల హోంలో ఉంచి, మర్నాడు బోర్డు ముందుకి తెస్తారు. బోర్డంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు. కోర్టు బోనులాంటిదేమీ ఉండదు, బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడతారు అని మా వకీలు విడమరిచి చెప్పాడు.

అన్నీ ధైర్యం చెప్పే మాటలే. నాకు మాత్రం ఒక్కటే వినపడింది. బోర్డు ఇవాళ ఇంటికి పంపకపోతే వాడు ఆ హోంలోనే ఉంటాడు. ఆ గేటు లోపల ఎలాంటివాళ్ళుంటారో, వీణ్ణి ఏం చేస్తారో, అన్నం తిన్నాడో లేదో. రాత్రంతా కన్ను మూతపడలేదు.

వకీలు మమ్మల్ని చెప్పమన్నది ఒకే మాట: బండి దొంగదని కుర్రాడికి తెలియదు, ఎక్కమంటే ఎక్కాడు. పోలీసు స్టేషన్లో నా ఎదుటే అడిగితే మావాడూ నేల చూపులు చూస్తూ తెలియదనే అన్నాడు. నేను నమ్మాను. నమ్మడమేమిటి, కన్నదాన్ని నాకు తెలియదా అని పోలీసులతో గొడవపడ్డాను కూడా.

సీసా నింపుకుని వచ్చేసరికి అత్తగారి పక్కన గళ్ళ చొక్కా వేసుకున్న ఒకాయన కూర్చుని ఉన్నాడు. కాళ్ళకి చెప్పులు, చేతిలో మామూలు సంచీ. ఎవరో పిల్లాడి తండ్రి కాబోలు, పాపం అనుకున్నాను. అత్తగారు నలభై ఏళ్ళుగా నేర్చుకుంటున్న తన హిందీలో, అంటే ముప్పాతిక వంతు శ్రీకాకుళంలో, ఆయనకి చెప్పుకుపోతోంది.

“మా గుంటడు జూట్ మాటాడడు బేటా. నిన్న దోపహర్‌కి అన్నం యేళకి నా కాడికొచ్చినాడు. మామ్మా, ఆళ్ళు తెచ్చిన బండి చోరీదంట, నన్నూ ఎక్కించుకుని తిప్పినారు, అమ్మకి చెప్పకు అన్నాడు. నానేటన్నాను? ఎక్కడిది అక్కడ ఎట్టీసి రండి, లేపోతే ఇంటికి రావద్దన్నాను. వాపస్ ఎట్టడానికే ఎల్నారు. రాస్తాలో పట్టీసినారు.”

ఆయన తలూపి, “అచ్ఛా, అమ్మాజీ” అని లేచి లోపలికి వెళ్ళాడు. తలుపు దగ్గర జవాను గబుక్కున పక్కకి జరిగి నిలబడ్డాడు. ఎవరాయన అని అప్పుడే వచ్చిన వకీలుని అడిగాను.

“ఇవాళ్టి నుంచి మీ కేసు చూస్తున్న పోలీసాఫీసరు. పిల్లల దగ్గరికి యూనిఫారంలో రాకూడదు, అది రూలు” అన్నాడు.

పిల్లలు బెదిరిపోకూడదని పెట్టారట ఆ రూలు. అత్తగార్లున్న కోడళ్ళ సంగతి ఎవరాలోచించారు?

“మన వేలితో మన కన్నే పొడిచారు కదా అత్తయ్యా. అంత మాట నాకెందుకు చెప్పలేదు?” అన్నాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి.

“సెప్పొద్దన్నాడు గదమ్మా” అంది ఆవిడ మెల్లిగా.

నువ్వుగింజ నానని ఆ నోరు ఒక్క నా దగ్గరే మూసుకుంది. ఆవిడకి ఎడంగా ఆ బెంచీ మీదే కూర్చున్నాను. మా పిలుపు వచ్చేదాకా తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను.

లోపల నిజంగానే బల్లా కుర్చీలే. మేజిస్ట్రేటు మేడం, పక్కన ఒకామె, ఒకాయన. మావాడు నిన్నటి చొక్కాతోనే ఉన్నాడు. తల ఎవరో దువ్వారు, పాపిడి తప్పుగా తీశారు. గళ్ళ చొక్కా ఆయన అత్తగారు చెప్పిందంతా అప్పజెప్పాడు. బండి తిరిగి పెట్టడానికి వెళ్ళారన్న మాట కూడా మింగకుండా చెప్పాడు, అది ఒప్పుకోవాలి. నిజమేనా అని మేడం అడిగింది. వాడు నన్ను చూశాడు, వాళ్ళ మామ్మని చూశాడు, తలూపాడు.

“మరి నిన్న తెలియదన్నావట?”

“అమ్మ అక్కడే ఉంది.”

“అమ్మకి చెబితే ఏమవుతుంది?”

“అమ్మ ముందు అరుస్తుంది. అరవడం అయ్యేసరికి నేను చెప్పాలనుకున్నది చెప్పబుద్ధి కాదు.”

పక్కనున్నామె నవ్వు ఆపుకుంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి పంపారు. ఇంట్లో నిజం చెప్పుకునే మనిషి ఒకరున్నారు కదా అంది మేడం. ప్రొబేషన్ ఆఫీసరు ఇంటికొచ్చి, మమ్మల్నీ ఇరుగుపొరుగునీ వాకబు చేసి రిపోర్టు రాస్తాడు. పిలిచినప్పుడల్లా తీసుకురావాలి. ఆ ఇద్దరితో పోకూడదు. పిల్లాణ్ణి ఎవరికి అప్పగించాలన్న మాట వస్తే అత్తగారి పేరు రాసుకున్నారు. కన్నది నేను, అప్పగింత ఆవిడకి.

టాటీబంధ్ కూడలి దగ్గర లారీల మధ్య ఆటో ఆగిపోయింది. అత్తగారు ఓ మూలకి ఒరిగి కునుకు తీస్తోంది. మా ఇద్దరి మధ్యా వాడు. పొద్దుటి నుంచీ కూడబెట్టిన తిట్లన్నీ నా నాలుక చివర ఉన్నాయి. వాడే ముందు నోరు తెరిచాడు.

“అమ్మా, ఇంకోటుంది. ఆ ఇద్దరూ నాకో ఫోనిచ్చారు. ఎవరిదో తెలీదు. మామ్మ ట్రంకు పెట్టెలో, చీరల కింద పెట్టాను.”

“మామ్మకి తెలుసా?”

“తెలీదు. ఎవరికీ చెప్పలేదు.”

రేపో ఎల్లుండో ఆ ప్రొబేషన్ ఆఫీసరు మా గుమ్మంలోకి వస్తాడు. కేక గొంతుదాకా వచ్చింది. సీసా ఎత్తి గటగటా తాగేశాను.

“ఆ గళ్ళ చొక్కా ఆయనకి ఇచ్చెయ్యాలి, నాన్నా. మనమే తీసుకెళ్ళి” అన్నాను.

“మళ్ళీ హోంలో పెడితే?”

“ఏమోరా. నాకూ భయంగానే ఉంది.”

వాడు నా చేతిలోంచి ఖాళీ సీసా తీసుకుని మూత బిగించాడు.

“అయితే నువ్వు రా. మామ్మ వద్దు. కానీ అక్కడ అరవకూడదు.”

అరవనన్నాను. ఆ మాట కూడా కాస్త గట్టిగానే వచ్చింది. అత్తగారికి మెలకువ వచ్చేసింది.