పిప్పి తిరిగొచ్చే ఒడ్డు

బుధవారం బడిలో ప్రార్థన ముగుస్తుండగా అవ్వ ఫోన్ చేసింది. "తాత పొద్దుగాల పోయిండు బిడ్డా. ఆయాసమొచ్చింది, దవాఖానకు కొంచవోయేలోపే అయిపోయింది. ఐతారం నువ్వు నీ మందిని తీస్కొస్తనన్నవ్ గద, జెర ఆగుమని చెప్దామని చేసిన." భర్త పోయిన పూటే మా ఆదివారం పాఠాన్ని గుర్తుపెట్టుకుంది. ఆయన భార్యే కదా అనుకున్నాను.

ఆయన నాకు చుట్టం కాడు. బాల్కొండ వైపు శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఒడ్డున తెప్ప మీద చేపలు పట్టే ముసలాయన. నేను నిజామాబాద్‌లో వ్యాయామం నేర్పే టీచర్ని, పుట్టింది బోధన్‌లో. తమిళనాడు సముద్రం దగ్గర పది రోజులుండి కైట్ సర్ఫింగ్ నేర్చుకుని వచ్చాను. నడుముకు పెద్ద గాలిపటం తగిలించుకుని, కాళ్ల కింద పలకతో నీళ్ల మీద సాగే ఆట అది. మన దగ్గరా నలుగురికి నేర్పాలని సెకండ్ హ్యాండ్ పటం ఒకటి కొన్నాను. కొత్తవాళ్లను దింపడానికి మంచి చోటు ఏదో నాకు తెలుసనే అనుకున్నాను.

మొదట నేను ఎంచుకున్న చోటు చూడముచ్చటగా ఉంది. రోడ్డు పక్కనే, ఒక్క అల లేదు, నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఆయనతో, "ఎంత నిమ్మళంగ ఉందో సూడు తాతా" అన్నాను గొప్పగా. ఆయన చెరుకు ముక్క నములుతున్నాడు.

"నిమ్మళం నీళ్లకుంటె ఏం లాభం బిడ్డా, నీకుండాలె" అని, నోట్లోని పిప్పి తీసి నీళ్లలోకి విసిరాడు. అది మెల్లగా లోపలికి పోయింది. గాలి మా వీపుల వెనక నుంచి వీస్తోంది, అందుకే ఒడ్డు దగ్గర అల లేదు. "గది తిరిగొచ్చినంక నువ్వు దిగు" అన్నాడు.

నేను దిగాను. ఫోన్‌లో గాలి వేగం చూసుకున్నదాన్ని, పిప్పి చూసి ఆగుతానా. పావుగంటలో పటం నీళ్లలో కూలింది. పలక పట్టుకుని ప్రాజెక్టు నడుమకు కొట్టుకుపోయాను. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి మునగలేదు గానీ, ఒడ్డున చెట్లు చిన్నవైపోతుంటే గొంతు చించుకుని అరిచాను. ఆయన థర్మాకోల్ తెప్ప వేసుకుని వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. తిట్టలేదు. ఒడ్డు దాకా తెడ్డు వేసి, దిగేటప్పుడు మాత్రం "పిప్పి ఇంక రాలే" అన్నాడు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆయన వెనక ఒడ్డు పట్టుకుని నడిచాను. చెరుకు తెచ్చే పని నాది. నా పుట్టిల్లు బోధన్ అని తెలిసి అక్కడి గడలే తెమ్మనేవాడు. బోధన్ చెరుకు పిప్పయితేనే నీళ్లలో దూరం దాకా తెల్లగా కనబడుతుందట. అబద్ధమని ఇద్దరికీ తెలుసు, అయినా బోధన్ బస్టాండు దగ్గర రసం బండి నుంచి తెచ్చేదాన్ని.

ఆయనకు ఏ చోటూ ఒక పట్టాన నచ్చేది కాదు. చెట్ల వెనక గాలిని అసలు నమ్మడు. "ఉన్నట్టె ఉంటది, మాయమైతది" అనేవాడు. ఒకచోట పిప్పి తిన్నగా మా కాళ్ల దగ్గరికే వచ్చింది. నేను సంబరపడ్డాను, ఆయన మా వెనకున్న రాళ్లు చూపించాడు. "సక్కగ రావొద్దు, ఓరగ రావాలె." ఇంకోచోట అన్నీ కుదిరాయి. నడుము లోతు దాకా వెళ్లి, కాలితో అడుగు తడిమి వెనక్కి వచ్చేశాడు. "గీడ మా ఊరి బాయి ఉన్నది." ప్రాజెక్టు కింద మునిగిన ఊరు ఆయనది. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆయన అప్పటికే ముందుకు నడుస్తున్నాడు.

చివరికి దొరికిన చోట గాలి నీళ్ల మీది నుంచి ఓరగా ఒడ్డుకు వస్తుంది. అడుగున ఇసుక, చాలా దూరం నడుము దాటని లోతు. నేర్చుకోవడానికి ఆరుగురు వచ్చారు. మేం నీళ్లలో ఉన్నంతసేపూ ఆయన దూరంగా, బోర్లించిన తెప్ప మీద కూర్చునేవాడు, వారానికో చోట. దగ్గరికి రమ్మంటే "నాకు గీడ్నె మంచిగున్నది" అనేవాడు. ఎండకు జరుగుతున్నాడనుకున్నాను. అక్కడెక్కడా నీడే లేదన్న సంగతి నాకు తట్టలేదు. నా పాఠమంటే ఆయనకు లెక్కలేదేమోనని కొంచెం కోపం కూడా ఉండేది.

ఆదివారం ఒక్కదాన్నే వెళ్లాను. అవ్వ దగ్గర కాసేపు కూర్చుని ఒడ్డుకు నడిచాను. ఇక ఈ ఆరుగురినీ ఎవరి భరోసా మీద దింపాలి, పాఠాలు ఆపేద్దామా అన్నదే నా మనసులో ఉంది. తెప్ప ఆయన వదిలినచోటే ఉంది. అలవాటుకొద్దీ గడ కొరికి, మేం దిగేచోట నిలబడి పిప్పి విసిరాను. అది ఓరగా వచ్చి, తెప్పకు పదిహేను అడుగుల ఇవతల ఒడ్డుకు తగిలింది.

అక్కడికి వెళ్లినప్పుడు చూశాను. నీళ్లు దిగిపోగా ఎండిన బురదలో, తెప్పను ఈడ్చిన గీతలున్నాయి. అది బోర్లించి ఉన్న ప్రతిచోటా అచ్చు పడింది, ప్రతి అచ్చు పక్కనా ఎండిన పిప్పి. మేం రాకముందే వారం వారం విసిరి చూసి, అది ఎక్కడికి కొట్టుకొస్తే అక్కడ కూర్చున్నాడు. నీళ్లలో పట్టు తప్పినవాళ్లు వచ్చి తగిలేది అక్కడికే.

ఆ బురదలో నిలబడి ఏడ్చాను. బతికున్నప్పుడు ఒక్కసారి కూడా అడగలేదు, ఎందుకక్కడ కూర్చుంటావని.

తర్వాత తెప్పను ఈడ్చాను. థర్మాకోల్‌దే కదా అనుకున్నాను, అంత తేలికేం కాదు. పిప్పి తగిలిన చోట దాన్ని బోర్లించి కూర్చున్నాను. ఇకనుంచి ఆరుగురిలో ఒకరు ఇక్కడ కూర్చుంటేనే మిగతావాళ్లు దిగాలి. కాళ్ల దగ్గరి పిప్పి నీళ్లతోపాటు కాస్త వెనక్కి పోయి, మళ్లీ వచ్చి తెప్పకు ఆనుకుంది.