సత్రానికి తీసిన గుప్పెడు

నా ఫోన్‌కి ఒక హోటల్ నుంచి ఇప్పటికి మూడుసార్లు మెసేజ్ వచ్చింది. మా దగ్గర బస ఎలా అనిపించింది, ఐదు చుక్కల్లో ఎన్ని ఇస్తారు అని. మొదటిసారి చూసీ చూడనట్టు ఊరుకున్నాను. రెండోసారి ఒళ్లు మండింది. మూడోసారి, అంటే ఇవాళ పొద్దున్న, కాఫీ చల్లారిపోయేదాకా ఆ చుక్కల వంకే చూస్తూ కూర్చున్నాను. ఎన్నని ఇవ్వను? అది మా సత్రం.

ఛత్రపురం దాటి గంజాం వెళ్లే పాత రోడ్డు పక్కన మా ముత్తాత కట్టించాడు దాన్ని. బరంపురంలో పట్టుచీరల టోకు వ్యాపారం ఆయనది. పూరీకి కాలినడకన వెళ్లే జనం కాళ్లు బొబ్బలెక్కి మా కొట్టు అరుగు మీద కూలబడుతుంటే చూడలేక కట్టించాడని ఇంట్లో చెప్పుకునేవారు. కాస్త పేరు కోసం కూడా కట్టించి ఉంటాడని నా అనుమానం. లేకపోతే గుమ్మం మీద తన పేరు అంతంత అక్షరాలతో చెక్కించుకోడు. ఏమైతేనేం, మూడు రాత్రులు ఎవరైనా ఉచితంగా ఉండొచ్చు. ఏ ఊరని అడగొచ్చు గాని, ఏ కులమని అడగకూడదు. వెళ్లేవాళ్లు తాము పడుకున్న గది తామే ఊడ్చి వెళ్లాలి.

ఈ నియమాలన్నీ నడిపించింది మా మేనత్త. నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఇంట్లో ఒక మూల కూర్చోబెడదామనుకున్నారు గాని, ఆవిడ కూర్చునే రకం కాదు. సత్రం వంటిల్లు పట్టుకుంది. అక్కడ నేలలో తవ్విన పొడుగాటి గాడిపొయ్యి ఉండేది. దాని మీద వరసగా నాలుగు గుండిగలు. ఆ సెగకి ఎర్రబడిన మొహంతో, చేతిలో గరిటెతో అత్త నిలబడితే పోలీసులు కూడా చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చేవారు. సెలవులకి నేను ఆవిడ వెనకాలే తిరిగేదాన్ని. వడ్డన అయ్యాక మిగిలిన పప్పులో చింతకాయ పచ్చడి కలిపి పెట్టేది. ఆ ముద్ద రుచి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు. నేను వండినా రాదు. మా ఆయన పాతికేళ్లుగా దీనికి సాక్షి.

సత్రానికి బియ్యం కొనేవారు కాదు. బరంపురంలో మా వర్తకుల ఇళ్లలో ఆడవాళ్లందరికీ ఒక అలవాటుండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వెయ్యాలి. శనివారం శనివారం బండి వచ్చి ఇంటింటా ఆ డబ్బాలు ఒంపుకుని సత్రానికి తీసుకెళ్లేది. రానురాను ఇళ్లు తగ్గాయి, బండి ఆగింది, నడిచి పూరీ వెళ్లేవాళ్లు కూడా అరుదైపోయారు. అత్త మాత్రం గుప్పెడు ఆపలేదు. తొంభైకి దగ్గరపడి, మోకాళ్లు అరిగి, బరంపురం హల్దియాపదర్‌లో అన్నయ్య ఫ్లాటు మూడో అంతస్తులోంచి కిందికి దిగడం మానేశాక కూడా, ఆ డబ్బాలో గుప్పెడు పడితేగాని పచ్చి మంచినీళ్లు ముట్టదు.

నాలుగేళ్ల కిందట అన్నయ్య నాకు కొన్ని కాగితాలు కొరియర్‌లో పంపాడు. నాన్న పోయాక సత్రం బాధ్యత మా ఇద్దరి పేరా ఉంది. "కప్పు దిగబడిపోతందే. రిపేరు సెయ్యించాల. ఇంటూ మార్కు పెట్టిన కాడల్లా సంతకం పెట్టి పంపు" అన్నాడు ఫోన్లో. పెట్టి పంపాను. ఒక్క ముక్క చదవలేదు. అన్నయ్య కాగితాలు చదవడమేమిటి?

మొన్న మాఘమాసంలో అన్నయ్య కూతురి పెళ్లి. విశాఖపట్నం నుంచి వచ్చిన మమ్మల్ని స్టేషన్‌లో కారెక్కించి, "నీకో మంచి సోట బస ఏర్పాటు సేసేన్లే, సూద్దువుగాని" అన్నాడు మురిసిపోతూ. కారు ఆ గుమ్మం ముందు ఆగితే గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. ముత్తాత పేరు చెక్కిన రాయి మీద సున్నం పూసేసి, హోటల్ పేరు ఇత్తడి అక్షరాలతో బిగించారు. లోపల ఒక బోర్డు. పూర్వం ఒక జమీందారు వేటకి వచ్చినప్పుడు దిగిన విడిది ఇదట. మా వంశంలో దోమల్ని తప్ప ఇంకేదాన్నీ వేటాడినవాళ్లు లేరు. నాకిచ్చిన గది పేరు మహారాణి సూట్. అత్త చింతపండు కుండలు దాచుకునే గది అది. ఎంత అత్తరు చల్లినా మూలల్లో ఆ పులుపు వాసన నాకు తగులుతూనే ఉంది. మర్నాడు పొద్దున్న ఏమీ తోచక, పాత అలవాటున కిందికెళ్లి చీపురు అడిగాను. కౌంటర్లో ఉన్న ఒడియా అమ్మాయి బిత్తరపోయి, "ఝాడూ కణ పాఇఁ, మావుసీ?" అంది. చీపురెందుకో నేను చెబితే ఆ పిల్ల నమ్మేది కాదు.

గాడిపొయ్యి మీద అద్దం పరిచి, లోపల రంగు దీపాలు పెట్టారు. అన్నయ్య అక్కడే నిలబడి పెళ్లివారికి చూపిస్తున్నాడు. పక్కకి పిలిచాను.

"ఏటన్నయ్యా ఇది?"

"ఏటంటావేటే! కూలిపోతా ఉంటే సూస్తూ కూసోమంటావా? ట్రైనెక్కితే పూట తిరక్కుండా పూరీలో దిగుతన్నారు. ఇంక సత్రం ఎవడికే? ముప్పై ఏళ్లకి లీజుకిచ్చేం. నువ్వూ సంతకం పెట్టేవు."

"అత్తకి?"

"రిపేరు అయిపోయి మళ్లీ తెరిసేరని సెప్పేను. నువ్వేటీ సెప్పకు. సచ్చిపోద్ది."

"మరి ఆ బియ్యం?"

అన్నయ్య పెళ్లివారి వైపు వెళ్లిపోయాడు. జవాబు మా వెనకే వచ్చిన వదిన చెప్పింది, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, నా మొహం చూడకుండా. "శనివారం డబ్బా నానే పట్టికెల్తాను. సత్రానికని సెప్పి. ఏటి సెయ్యమంటావమ్మా, పారబొయ్యలేను గదా. మన బస్తాలోనే కలిపేస్తన్నాను."

అంటే నాలుగేళ్లుగా అత్త తీసిన బియ్యమే తిరిగి బస్తాలో పడుతోంది. అందులోంచే ఆవిడ మళ్లీ గుప్పెడు తీసి, కళ్లకద్దుకుని, డబ్బాలో వేస్తోంది. ఒక్క గింజ గుమ్మం దాటలేదు. నాకు ఏడుపు రాలేదు. తోడబుట్టినవాడు చెంప మీద కొట్టినట్టయింది. కొట్టమని సంతకం పెట్టి ఇచ్చింది నేనేనని గుర్తొచ్చాక ఆ మంట ఇంకా పెరిగింది.

పెళ్లయిన మర్నాడు ఉదయం, చెప్పెయ్యాలనే హల్దియాపదర్ వెళ్లాను. నిజం చెప్పి, కాళ్లు పట్టుకుని, తర్వాత ఏమైతే అది అవుతుందని. మోకాళ్ల వంకతో పెళ్లికి రాని అత్త వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే మొహం చేటంత అయింది.

"ఏటే, సత్రంలో దిగేవట గదా! మీ అన్న సెప్పేడు. ఎలగుందే?"

"బాగుంది అత్తా" అన్నాను.

"జనం దిగుతన్నారా? అబద్ధం సెప్పకు. నానింక అక్కడికి ఎల్లలేను. నువ్వు సూసొచ్చేవు గాబట్టి అడుగుతన్నాను."

ఆ కళ్లు చూశాను. "రోజూ దిగుతున్నారు అత్తా. ఒక్క గది కూడా ఖాళీ లేదు" అన్నాను. ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

అత్త గోడ పట్టుకుని, మూలుగుతూ లేచింది. "అంతమంది వొస్తంటే నాను ఒక్క గుప్పెడే తీస్తన్నానే, సూడు" అంటూ, బస్తాలో చెయ్యి పెట్టి, ఆ పూట రెండో గుప్పెడు తీసి కళ్లకద్దుకుంది.

నేను ఆపలేదు. అత్తను మోసం చెయ్యడానికి అన్నయ్యకి నాలుగేళ్లు పట్టింది. నాకు ఒక్క నిమిషం సరిపోయింది.